పటం కట్టిన డిక్రీ

మా అమ్మకు అక్షరాలు రావు గానీ ముద్రల మీద గొప్ప నమ్మకం. కాగితం మీద గుండ్రటి ముద్ర కనిపిస్తే చాలు, అది ఆమెకు దేవుడి పటంతో సమానం. అందుకే ఆదోని మున్సిఫ్ కోర్టు నుంచి నేను తెచ్చుకున్న డిక్రీ నకలును, నేను ఇంట్లో లేని పూట చూసి, ఎమ్మిగనూరు బజారుకు పట్టుకుపోయి అద్దం వేయించి పటం కట్టించింది. దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టి దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించింది.

నేను లైబ్రరీ నుంచి వచ్చేసరికి మా వాకిట్లో నలుగురు ఆడవాళ్ళు ఉన్నారు. అమ్మ వాళ్ళకు పటం చూపిస్తోంది.

"మా పాప ఐదో తరగతితోనే బడి మానేసిందని అంటాంటిరే. ఇప్పుడు సూడండి. ఆదోని కోర్టోళ్ళు పిలిచి డిగ్రీ ఇచ్చినారు."

"డిగ్రీ కాదుమా, డిక్రీ" అన్నాను.

"నేనూ అదే కదా అంటాండా. డిగ్రీ."

ఆ నలుగురూ నావైపు చూసిన చూపులో ఎంత మర్యాద ఉందంటే, ఇంకోసారి సరిదిద్దడానికి నాకు మనసు రాలేదు. అబద్ధం ఎందుకు, లోపల సంతోషంగానే ఉండింది.

అది డెబ్బైల దశకం చివరి సంగతి. నేనూ అమ్మా ఎమ్మిగనూరులో ఒక అద్దె గదిలో ఉండేవాళ్ళం. అమ్మ మగ్గాలవాళ్ళకు నూలు కండెలు చుట్టేది. నేను బట్టలు కుట్టేదాన్ని. మిషను మాత్రం నాది కాదు. మా వీధి చివర ఉండే ఒక పెద్దాయనది. ఆయన భార్య పోయాక వాడేవాళ్ళు లేక, నెలకింతని నాకు అద్దెకిచ్చాడు. నల్లటి పాత కాలి మిషను. తొక్కుడు పలక ఒక పక్క అరిగి, నా పాదం ఆకారానికి సరిగ్గా సరిపోయేది. పాదం పలకను అరిగించిందో, పలకే పాదాన్ని అరిగించిందో చెప్పలేను.

ఆ ఏడు పెద్దాయన నన్ను పిలిచి, "మిషను అమ్మేస్తానమ్మా. కొడుకు దగ్గరికి పోతాండా. సి.బెళగల్ నుంచి ఒకాయన అడుగుతాండాడు. నువ్వు కొంటావంటే జాతర దాకా ఆపుతా. ఆపైన నా చేతుల్లో ల్యా" అన్నాడు.

కొనడానికి డబ్బు నాకు లేదు. నాకు రావాల్సిన డబ్బు మాత్రం ఉంది. అది ఆదోనిలో ఒక బట్టల షాపాయన దగ్గర ఉంది.

ఆయన కత్తిరించిన బట్టను మూటలు కట్టి బస్సులో పంపేవాడు. నేను లంగాలు కుట్టి తిరిగి పంపేదాన్ని. మొదట్లో కూలి సరిగ్గానే వచ్చింది. తర్వాత "వచ్చే మూటతో కలిపి ఇస్తా" అనడం మొదలుపెట్టాడు. ఏడాది గడిచేసరికి ఆరువందల పైచిలుకు పేరుకుంది. నేను అడిగితే, "నువ్వు కుట్టినావని ఎవరు సెప్పినారు?" అన్నాడు.

నేనే చెప్పాను, కోర్టులో. లైబ్రరీలో అపరాధ పరిశోధన నవలలు చదివి చదివి నాకు ఒక అలవాటైంది. దేనికైనా రుజువు ఉంచుకోవడం. ప్రతి మూటకూ ఒక నోటుపుస్తకంలో ఎన్ని లంగాలో రాసి, పుస్తకాన్ని మూటతోనే పంపి, ఆయన గుమాస్తాతో కాదు, ఆయనతోనే సంతకం పెట్టించుకునేదాన్ని. చదవకుండా సంతకం పెట్టడం గొప్పతనమనుకునే మనిషి ఆయన. ఆ నోటుపుస్తకమే నన్ను గెలిపించింది. వాయిదాలకు తిరిగి, తిరిగి, చివరికి ఖర్చులతో సహా ఆయన నాకు ఇవ్వాలని తీర్పు వచ్చింది.

తీర్పు విన్నాక నేను కోర్టు వరండాలోనే బల్ల మీద కూర్చున్నాను. మా వకీలు బయటికి వచ్చి, "ఇంకా ఇంటికి పోలేదామ్మా?" అన్నాడు.

"డబ్బులు ఏ కిటికీ దగ్గర ఇస్తారు సార్?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ చాలాసేపు నవ్వాడు. "కోర్టు ఇచ్చేది కాగితమమ్మా. డబ్బు ఇవ్వాల్సింది ఆ షాపాయన. ఆయన ఇవ్వకపోతే మళ్ళీ ఇంకో దరఖాస్తు వేసి ఆయన సరుకు జప్తు చేయించాల. ఓడినోడు కోర్టులో ఏడుస్తాడు, గెలిచినోడు ఇంటికి పోయి ఏడుస్తాడు అంటారు, వినలేదా?"

"విన్నాను సార్. అందుకే ఇంటికి పోలేదు" అన్నాను.

ఆయనకు ఆ మాట నచ్చింది. దరఖాస్తుకు ఫీజు అడగనన్నాడు. డిక్రీ నకలు చేతికి రాగానే తెచ్చివ్వమన్నాడు, అంతే. నేను తెచ్చివ్వబోయేసరికి ఆ నకలు మా ఇంటి గోడ మీద కుంకుమ బొట్టుతో ఉంది.

పటం విప్పడానికి చాలా తంటాలు పడ్డాను. పటాలు కట్టేవాడు పనిమంతుడు. కాగితాన్ని అట్టకు మైదా గంజితో నిండుగా అంటించాడు. గోటితో లేపితే ముద్ర దగ్గర చిరుగుతుందేమోనని భయం వేసింది. అమ్మ అయితే పటానికి అడ్డంగా నిలబడి, "పగలగొడితే అరిష్టం" అంది. చివరికి పటం పటంగానే పాత చీరలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని ఆదోని బస్సెక్కాను. పెద్దకడుబూరు వైపు రైతులు పత్తి బోరాలతో బస్సు నిండా ఉన్నారు. కండక్టరు టికెట్టు కొడుతూ చీర చాటున అద్దం, కుంకుమ చూశాడు. చటుక్కున పటాన్ని తాకి కళ్ళకద్దుకుని, "ఏ సామి అమ్మా?" అన్నాడు.

"కోర్టు సామి" అన్నాను.

"యాడుండాది ఆ గుడి?"

"ఆదోనిలో. మెట్లు ఎక్కలేక చచ్చేంత గుడి."

పక్క సీటు రైతుకు మాత్రం అర్థమైంది. ఆదోని వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాడు. ఆయనకు కూడా ఆ గుడిలో ఏదో మొక్కు ఉన్నట్టుంది.

వకీలు గుమాస్తా అట్టను వెనక నుంచి బ్లేడుతో పొరలు పొరలుగా గీకి, కాగితాన్ని బతికించాడు. ముద్ర పక్కన కుంకుమ మరక మాత్రం పోలేదు. దరఖాస్తు తీసుకున్న కోర్టు ఉద్యోగి ఆ మరకను వేలితో రుద్ది చూసి, "ఇది రక్తం కాదు కదా?" అన్నాడు. కాదని నేనూ, వకీలూ, ఆయన గుమాస్తా ముగ్గురం ఒకేసారి చెప్పాం.

జప్తు వారంటు వచ్చింది. దాన్ని అమలు చేయడానికి కోర్టు అమీనును పంపింది. జుట్టు నెరిసిన మనిషి. చేతిలో పిడి తెగిన ఖాకీ సంచి. నేను ఆయన రానుపోను ఖర్చుకు కోర్టులో బత్తా కట్టి, ఆయన్ను వెంటబెట్టుకుని షాపు దగ్గరికి పోతే షాపుకు తాళం. పక్కనే గాజులమ్ముకునే ఆమె, "నువ్వు బస్సు దిగితానే మూసేసినాడమ్మా. నిన్ను బస్టాండులో చూసినోడు ఎవడో పరిగెత్తుకుంటా వచ్చి సెప్పినాడు" అంది.

సాయంత్రం దాకా ఎదురుగా అరుగు మీద కూర్చున్నాం. అమీను సంచిలోంచి ఒక నవల తీశాడు. అట్ట చూడగానే పోల్చుకున్నాను. అది నేను చదివిందే.

"ఇది నాలుగోసారి చదివేదమ్మా" అన్నాడు ఆయన బాధగా. "చివరి పేజీలు ఎవడో చింపుకుని పోయినాడు. హంతకుడు ఎవరో ఇంతవరకూ తెలీదు."

"నాకు తెలుసు" అన్నాను.

ఆయన నవల మూసేశాడు. "సెప్పు తల్లీ."

"వారంటు అమలైన రోజు సెప్తాను."

అమీను నవల సంచిలో పెట్టేసి, "ఇరవై ఏండ్ల సర్వీసులో నన్ను ఇట్ల ఎవరూ కట్టేయలేదు" అన్నాడు.

ఆ వారమంతా పని అయిపోగానే లైబ్రరీకే పోయాను. ఎమ్మిగనూరు శాఖా గ్రంథాలయంలో అప్పట్లో ఆడవాళ్ళు తక్కువ. నేను పోతే గ్రంథపాలకుడు కిటికీ పక్క కుర్చీ ఖాళీ చేయించేవాడు. మూల అలమరలో సివిల్ చట్టం గురించి తెలుగులో రాసిన లావాటి పుస్తకం ఒకటి ఉండేది. దానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. నేను తప్ప దాన్ని ఎవరూ అడగలేదని ఆయనే చెప్పాడు. ఇంటికివ్వకూడని పుస్తకం కాబట్టి అక్కడే కూర్చుని నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

అరవయ్యో సెక్షన్ దగ్గర నా పెన్సిలు ఆగింది. అప్పు కోసం ఏమేమి జప్తు చేయకూడదో అక్కడ రాసి ఉంది. కట్టుకున్న బట్టలు, వంట పాత్రలు, పడక, ఆడదాని మంగళసూత్రం, రైతు ఎద్దులు, చేతిపనివాడి పనిముట్లు. చట్టమంటే కసాయిదని నేను అనుకునేదాన్ని. ఆ జాబితా చదువుతుంటే దాన్ని రాసినవాళ్ళెవరో పేదవాళ్ళ ఇల్లు ఒకసారి చూసి ఉంటారనిపించింది. నా మీద గెలిచినవాడికి కూడా నా కుండను ముట్టుకునే హక్కు లేదు. ఆ మాట నాకు ఎంతో నచ్చి అమ్మకు చదివి వినిపించాను.

"మంచి మాటే. ఆ షాపోణ్ణి పట్టుకునేది యాడ రాసిండాది?" అంది అమ్మ.

అది పుస్తకంలో లేదు. అది నాకు ఆ రోజు అరుగు మీద కూర్చున్నప్పుడు గాజులామె చెప్పిన మాటల్లో దొరికింది. ఆదోని షాపుల్లో ప్రతి అమావాస్యకూ పూజ చేస్తారు. గల్లాపెట్టె తుడిచి, దీపం పెట్టి, టెంకాయ కొట్టి, గుమ్మానికి గుమ్మడికాయ కడతారు. దీపం వెలుగుతుండగా షాపు మూస్తే లక్ష్మి బయటికి పోతుందని వాళ్ళ నమ్మకం. అంటే షాపాయన నన్ను చూసినా సరే, ఆ గంటసేపు తలుపు వేయలేడు.

అమీనుకు చెబితే, "నవలలు ఊరికే సదవల్యా నువ్వు" అన్నాడు.

అమ్మే ఒప్పుకోలేదు. "అమావాస్య పూట ప్రయాణం ఎవరన్నా చేస్తారా పాపా? కోడి గూడ గంప దాటదు."

"అందుకే మా. అమావాస్య నాడు నేను వస్తానని ఆయన కలలో గూడ అనుకోడు."

"పో. డిగ్రీ వచ్చినోళ్ళకు ఏమి సెప్పేది" అంటూ నా కొంగున నిమ్మకాయ ముడివేసింది.

చలికాలం పొద్దు. ఆదోని గాలిలో దూది రేణువులు తేలుతున్నాయి. తోపుడు బండి ఒకటి మాట్లాడుకుని, అమీనుతో కలిసి షాపు ముందుకు పోయేసరికి, షాపాయన హారతి పళ్ళెంతో నిలబడి ఉన్నాడు. నన్ను చూశాడు. తలుపు చూశాడు. దీపం చూశాడు. హారతి తిప్పడం మాత్రం ఆపలేదు.

అయితే నాకూ ఒక దెబ్బ తగిలింది. షాపులో బట్ట లేదు. పైనుంచి కింది దాకా అలమరలు బోసిగా ఉన్నాయి. సరుకంతా ముందే ఎక్కడికో తరలించేశాడు. గల్లాపెట్టె పక్కన ఒక కుట్టు మిషను మాత్రం ఉంది. కొత్తది. తల మీద బంగారు గీతలు మెరుస్తున్నాయి.

అమీను వారంటు చదివి, డబ్బు కడతావా, సరుకు జప్తు రాసుకోమంటావా అని అడిగాడు. షాపాయన హారతి కిందపెట్టి నెమ్మదిగా నవ్వాడు.

"సరుకు యాడుండాది సామీ? యాపారం ఎప్పుడో మానేసినా. ఇప్పుడు ఈ మిషను మీద కుట్టుకుని బతుకుతాండా. నేను దర్జీని. పనిముట్టును ముట్టుకునేకి మీకు లేదంట. మా వకీలు సెప్పినాడు."

ఆయన చెప్పింది నా నోటుపుస్తకంలో నేనే రాసుకున్న మాట. అది మంచి మాటేనని నేనే అమ్మకు చదివి వినిపించాను. అమీను కూడా నావైపు తిరిగి, "నిజమే తల్లీ. దర్జీ అయితే మిషను ముట్టకూడదు" అన్నాడు. జాతరకు ఇంకా మూడు వారాలు. ఈసారి కూడా ఉత్త చేతులతో పోతే మళ్ళీ వారంటు వచ్చేసరికి నా మిషను సి.బెళగల్‌లో ఉంటుంది.

అప్పుడు నా చూపు అమీను సంచి మీద పడింది.

"అవునన్నా, దర్జీ పనిముట్టు ముట్టకూడదు. అరవయ్యో సెక్షన్. నేనూ సదివినా" అన్నాను. "ఆ సంచికి పిడి తెగిపోయుండాది. కొంచెం కుట్టియ్యి. పోతాం."

వీధిలో ఎవరో కిసుక్కుమన్నారు. గాజులామె తన గంప వదిలేసి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఆమె వెనక ఇంకో పదిమంది చేరారు. షాపాయన అమీను వైపు చూశాడు. అమీను సంచిలోని కాగితాలు తీసి చంకన పెట్టుకుని, ఖాళీ సంచి మిషను మీద పెట్టాడు.

షాపాయన కూర్చున్నాడు. పూజ కోసం కట్టుకున్న పట్టుపంచె తొక్కుడు పలకలో పడకుండా మడిచి పట్టుకున్నాడు. సూదిలో దారం ఎక్కించడానికే కొంతసేపు పట్టింది. కింద కండె పెట్టాలని ఆయనకు తెలియదు. చక్రాన్ని చేత్తో తిప్పాలని తెలియదు. కాలితో గట్టిగా తొక్కాడు. చక్రం వెనక్కి తిరిగింది. దారం ఒకసారి ముడిపడి పుటుక్కున తెగింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ వెనక్కే.

"ఏమప్పా, నీ మిషను ఎనక్కి పోతాండాదే" అంది గాజులామె, "నువ్వు ఇచ్చిన మాట మాదిరి!"

వీధంతా నవ్వింది. బండివాడు బండి మీద కొట్టుకుంటూ నవ్వాడు. షాపాయనకు కూడా నవ్వు వచ్చినట్టే వచ్చి ఆగింది.

"లేప్పా, నేను కుట్టిస్తా" అని నేను కూర్చున్నాను. కండె సర్ది, కింది దారం పైకి తీసి, చక్రాన్ని అరచేత్తో నావైపు ఒక్కసారి తిప్పి తొక్కాను. మంచి మిషను. వెన్నలో కత్తి దిగినట్టు పోయింది. పిడిని రెండు వరసలు కుట్టి, నాలుగు మూలలూ గట్టిపరిచి, దారం పంటితో తెంపి సంచి అమీను చేతికిచ్చాను. ఆయన పిడి పట్టుకుని లాగి చూశాడు. తర్వాత కలం తీశాడు.

"దర్జీ ఎవరో తేలింది" అన్నాడు. "ఈయన దర్జీ కాదు. కుట్టు మిషను ఒకటి. రాసుకుంటాండా. బండి దగ్గరికి తేప్పా."

బండి గుమ్మం దగ్గరికి రాగానే షాపాయన రెండు చేతులూ అడ్డంపెట్టాడు. "సామీ, సామీ, అమావాస్య పూట, దీపం ముందర నుంచి ఇనుము బయటికి పోకూడదు. రేపు పట్టుకపోండి."

"రేపు నువ్వుంటావా?" అంది గాజులామె.

"అమ్మా, నువ్వన్నా సెప్పు" అని ఆయన నావైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో ఆయన నన్ను అమ్మా అనడం అదే మొదటిసారి.

"నేను గూడ అమావాస్య పూట గడప దాటి వచ్చినా అన్నా. మా అమ్మ నిమ్మకాయ కట్టి పంపించింది, సూడు" అని కొంగు ముడి చూపించాను.

ఆయన ఆ నిమ్మకాయ చూసి ఇక ఓడిపోయాడు. గుమాస్తాను బావమరిది షాపుకు పంపించాడు. అరగంటలో డబ్బు వచ్చింది, ఖర్చులతో సహా. సరుకు కూడా ఆ షాపులోనే ఉందని, పోయేటప్పుడు గుమాస్తా భుజం మీద లేని కొత్త తువ్వాలు చెప్పకనే చెప్పింది. అమీను నోట్లు లెక్కపెట్టి, రశీదులు రాసి షాపాయనకొకటి, నాకొకటి ఇచ్చి, జప్తు రాసిన కాగితాన్ని కొట్టేశాడు. టెంకాయ అప్పుడు కొట్టారు. షాపాయన నాకూ ఒక చిప్ప ఇచ్చాడు. తీసుకున్నాను. ఎందుకు తీసుకోకూడదు?

వీధి మలుపు తిరగ్గానే అమీను ఆగాడు. "ఇంగ సెప్పు తల్లీ. ఎవరు సంపినారు?"

"డాక్టరు."

"నాకు తోటమాలి మీద అనుమానం ఉండె!" అని ఆయన సంచికి కొత్తగా కుట్టిన పిడి మీద చేత్తో చరిచాడు. "ఇరవై ఏండ్ల సర్వీసు, ఏం లాభం!"

డబ్బు నా కళ్ళముందు వచ్చింది గానీ చేతికి రాలేదు. అమీను దాన్ని కోర్టులో జమ చేయాలి, నేను మళ్ళీ దరఖాస్తు పెట్టి తీసుకోవాలి. జాతర ఇంకా వారం ఉందనగా చేతికందింది. బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా పెద్దాయన గడప ఎక్కాను. అమ్మ అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. రోజూ వచ్చి కూర్చుంటోందట. సి.బెళగల్ ఆయన రెండుసార్లు వస్తే రెండుసార్లూ, "మా పాపకు డిగ్రీ ఉండాది, దుడ్లు ఎగ్గొట్టే బిడ్డ కాదు" అని చెప్పి పంపించేసిందట.

పెద్దాయన డబ్బు లెక్క చూడకుండానే జేబులో పెట్టుకుని, "డిక్రీకీ డిగ్రీకీ తేడా నాకు తెలుసమ్మా" అన్నాడు నాతో, అమ్మకు వినపడకుండా. "ఆమెకు సెప్పొద్దు."

మిషనును మేమిద్దరమే వీధి పొడుగునా నెట్టుకుంటూ తెచ్చుకున్నాం. వాకిళ్ళలో ఉన్నవాళ్ళు లేచి దారిచ్చారు. ఆ సాయంత్రం అమ్మ ఖాళీ పటం తెచ్చి, కుంకుమ మరక ఉన్న కాగితం మళ్ళీ ఎప్పుడు ఇస్తారని అడిగింది. కోర్టు దగ్గరే ఉండిపోతుందంటే, "వాళ్ళకు నచ్చినట్టుండాదిలే" అని తృప్తి పడింది. పటంలో అమీను ఇచ్చిన రశీదు పెట్టుకుంది. దాని మీద కూడా ముద్ర ఉంది.

మిషను నాదయ్యాక మొదట ఏం కుట్టాలా అని రాత్రంతా ఆలోచించాను. తెల్లవారగానే మిగిలిన లంగా గుడ్డలో గట్టి ముక్క చూసి, నోటుపుస్తకంలో రాసుకున్న కొలతలతో కత్తిరించి, రెండు వైపులా మడతలు పెట్టి, ఒక అట్ట కుట్టాను. లైబ్రరీకి పట్టుకుపోయి మూల అలమరలోని ఆ లావాటి చట్టం పుస్తకానికి తొడిగాను. అచ్చంగా సరిపోయింది. గ్రంథపాలకుడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వీపు మీద సిరాతో నెంబరు వేశాడు.

నా వెంట మొదటిసారి లైబ్రరీకి వచ్చిన అమ్మ, గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వచ్చి, పుస్తకాన్ని కిందినుంచి పైదాకా చూసింది. గుడ్డ రంగు, అంచు కుట్టు పోల్చుకుంది.

"పుస్తకానికి గూడ లంగా కుట్టినావా పాపా!" అంది, చదువుకుంటున్నవాళ్ళంతా తలలెత్తి చూసేంత గట్టిగా.